అడుగు పడదు... సైకిల్ ఆగదు

ఆస్పత్రి నడవాలో ఆయన నిలబడి ఉన్నారు. వయసు 58 ఏళ్లు. ముందుకు వెళ్లాలని మనసు తొందరపెడుతోంది. పాదాలు మాత్రం బోల్టులు వేసి నేలకు బిగించినట్టు ఉండిపోయాయి. పరీక్ష చేస్తున్నవారు తమ పాదాన్ని తెచ్చి ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టారు, గడప దాటమన్నట్టుగా. అప్పుడు లేచింది కాలు. ఆ అడ్డాన్ని దాటింది. ఒక అడుగు, ఇంకో అడుగు, మరొకటి. అంతలోనే అడుగులు కురచబడ్డాయి. వేగం పెరిగింది. ఒళ్లు ముందుకు వాలింది. ఒంటి వేగాన్ని కాళ్లు అందుకోలేకపోయాయి. ఆయన నేలమీద పడిపోయారు.

నెదర్లాండ్స్‌లో, జర్మనీ సరిహద్దుకు దగ్గరగా, వాల్ నది ఒడ్డున నైమేఖన్ అనే పాత ఊరుంది. అక్కడి రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వైద్యకేంద్రంలో జరిగింది ఇది. ఆయన్ని చూస్తున్న న్యూరాలజిస్టు పేరు బాస్టియాన్ బ్లూమ్. పార్కిన్సన్ రోగుల నడక గురించీ, వాళ్లు తూలిపడడం గురించీ ఏళ్ల తరబడి పరిశోధిస్తున్న డాక్టరు. ఈ జబ్బులో చూడాల్సినవన్నీ చూసేశాననుకునేంత అనుభవం ఉంది ఆయనకు. ఎదురుగా ఉన్న రోగికి పదేళ్లుగా పార్కిన్సన్. నడుస్తూ ఒళ్లు తిప్పడం అసలు సాధ్యం కావడం లేదు. జబ్బు బాగా ముదిరిందని ఎవరికైనా అర్థమవుతుంది.

అలాంటి మనిషి మాటల మధ్యలో ఓ సంగతి చెప్పారు. నిన్ననే పది కిలోమీటర్లు సైకిల్ తొక్కారట. నిన్నొక్కరోజే కాదు, రోజూ మైళ్లకు మైళ్లు తొక్కుతుంటారట.

బ్లూమ్ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? నాలుగడుగులు వేస్తే కిందపడే మనిషి రెండు చక్రాల మీద ఎలా నిలుస్తాడు? ఇది జరిగే పని కాదన్నారు. రోగి ఏదో అంటున్నాడులే అని మందుచీటీ రాసి పంపించేసి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. బ్లూమ్ అలా చేయలేదు. ఆయన్ని బయటికి తీసుకెళ్లారు. పట్టుకుని సైకిల్ ఎక్కించారు. వెనక నుంచి చిన్నగా ఒక్క తోపు తోశారు.

సైకిల్ సాగిపోయింది. కాళ్లు ఒకదాని వెంట ఒకటి పెడల్‌ను తొక్కుతున్నాయి. తడబాటు లేదు, బిగుసుకుపోవడం లేదు. కొంతదూరం వెళ్లి, హ్యాండిల్ తిప్పి, యూటర్న్ తీసుకుని వెనక్కి వచ్చారు. నడవాలో ఒంటిని ఇటు నుంచి అటు తిప్పలేకపోయిన మనిషేనా ఈయన? సైకిల్ దిగారు. పాదాలు నేలకు ఆనాయో లేదో మళ్లీ పట్టేశాయి. ఒక్క అడుగు కూడా పడలేదు.

బ్లూమ్, ఆయన సహ పరిశోధకురాలు ఆంకే స్నైడర్స్ ఈ దృశ్యాన్ని వీడియోతో సహా 2010 ఏప్రిల్‌లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రచురించారు. నడవాలో పడిపోవడం ఒక వీడియో, రోడ్డు మీద సైకిల్ తొక్కడం మరో వీడియో. రెండింటిలోనూ ఉన్నది ఒకే మనిషి. వైద్య ప్రపంచం విస్తుపోయింది. బ్లూమ్ తన దగ్గరికొచ్చే రోగుల్లో జబ్బు తీవ్రంగా ఉన్న మరో 20 మందిని అడిగి చూశారు. అందరూ సైకిల్ తొక్కగలవారే! జనాభా కన్నా సైకిళ్లు ఎక్కువున్న దేశం అది. అయినా ఒక రోగి తనంతట తాను నోరు విప్పాకే, మిగతావాళ్లను ఆ ప్రశ్న అడగాలని డాక్టరుకు తట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆయన కాళ్లలో బలం ఉంది. సైకిల్ మీద నిలిచేంత నిలకడా ఉంది. మరి నడిచేటప్పుడు పోతున్నదేమిటి? అది పోతున్నది ఎక్కడ?

వణుకు పేరు పెట్టారు గానీ...

1817లో లండన్ శివారు హాక్స్‌టన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు 66 పేజీల చిన్న పుస్తకం రాశారు. అందులో ఉన్నది ఆరుగురు రోగుల కథ. వాళ్లలో కొందరిని ఆయన ఆస్పత్రిలో కూడా చూడలేదు, వీధిలో నడుస్తుంటే చూశారు. నడక మీదే ఆయన కన్ను పడింది. ఒళ్లు ముందుకు వంగిపోవడం, వద్దనుకున్నా నడక కాస్తా పరుగైపోవడం ఆయన అప్పుడే రాసిపెట్టారు. పుస్తకానికి మాత్రం వణుకు పేరే పెట్టారు. మనవాళ్లూ దాన్ని వణుకుడు వాతం, కంపవాతం అనే పిలిచారు. అందరి చూపూ చేతుల వణుకు మీదే నిలిచిపోయింది. కానీ ఈ జబ్బున్న మనిషిని చివరికి మంచాన పడేసేది చాలాసార్లు వణుకు కాదు, పడిపోవడం.

పార్కిన్సన్ రోగుల్లో నూటికి దాదాపు 60 మంది ఏడాదిలో ఒక్కసారైనా పడిపోతున్నారని అధ్యయనాల సగటు చెబుతోంది. చాలామంది మళ్లీ మళ్లీ పడుతున్నారు. తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాత పడతానేమోనన్న భయం పట్టుకుంటుంది. బయటికెళ్లడం మానేస్తారు, తర్వాత వరండాలోకి రావడం మానేస్తారు, ఆపైన కుర్చీకే పరిమితమవుతారు. కదలని కాళ్లు మరింత బలహీనపడతాయి. మళ్లీ పడతారు.

1960లో వియన్నాలో హోర్నికీవిట్జ్ అనే శాస్త్రవేత్త, చనిపోయిన పార్కిన్సన్ రోగుల మెదళ్లు పరిశీలించి డోపమిన్ అనే రసాయనం వాళ్లలో అడుగంటిపోయిందని కనిపెట్టారు. మెదడు కాండం పైభాగంలో నల్లగా కనిపించే కణాల గుంపు ఒకటుంటుంది. డోపమిన్ తయారుచేసే ఆ కణాలు చచ్చిపోవడమే దానికి కారణం. 1960ల చివర్లో అమెరికాలో కోట్జియాస్ అనే డాక్టరు పెద్ద మోతాదులో ఎల్-డోపా ఇస్తే, కొయ్యలా బిగుసుకుపోయిన రోగులు లేచి తిరిగారు. మన చేలగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లోనూ ఉండే పదార్థమే ఈ ఎల్-డోపా. నేటికీ పార్కిన్సన్‌కు దాన్ని మించిన మందు లేదు.

అయితే మందు మొదలుపెట్టిన కొన్నేళ్లకు డాక్టర్లకు ఒక విషయం తెలిసొచ్చింది. చేతులు మాట వింటున్నాయి, బిగుసుకుపోయిన ఒళ్లు సడలుతోంది, బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారు. కానీ నిలకడ మాత్రం ఆ మందుకు సరిగా లొంగడం లేదు. డాక్టరు రోగి వెనక నిలబడి, ముందే చెప్పి, రెండు భుజాలు పట్టుకుని ఒక్కసారి వెనక్కి లాగుతారు. మామూలు మనిషి ఒకటి రెండడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంటాడు. నిలకడ పోయిన రోగి నరికిన చెట్టులా వెనక్కి వచ్చేస్తాడు. డాక్టరు పట్టుకోకపోతే పడిపోతాడు. మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ 1967లో జబ్బు తీవ్రతకు ఐదు మెట్ల కొలమానం తయారుచేస్తూ, ఈ నిలకడ చెదిరే దశను మూడో మెట్టుగా లెక్కగట్టారు. అక్కడి నుంచి రోగి జీవితం మారిపోతుంది.

అంటే డోపమిన్ ఒక్కటే ఈ కథకు పూర్తి జవాబు కాదు. మరింకేముంది? బతికున్న మనిషి మెదడులోకి తొంగిచూస్తే తప్ప తెలియదు.

కదలకుండా పడుకుని నడవాలి

మెదడు పనిచేస్తుండగా బొమ్మ తీసే యంత్రాలు 20వ శతాబ్దం చివరికి వచ్చేశాయి. కానీ నడకను బొమ్మ తీయడమే పెద్ద చిక్కు. ఎంఆర్ఐ యంత్రంలో మనిషి సొరంగంలాంటి గొట్టంలో వెల్లకిలా పడుకోవాలి. తల కొన్ని మిల్లీమీటర్లు కదిలినా బొమ్మ చెడిపోతుంది. నడవాలంటే కదలాలి, బొమ్మ రావాలంటే కదలకూడదు. ఈ ముడిని ఎలా విప్పాలి?

జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక దారి కనిపెట్టారు. రక్తంలోకి ఎక్కించగానే ఆ క్షణంలో మెదడులో ఏ భాగానికి ఎక్కువ రక్తం పారుతోందో అక్కడికి చేరి, అక్కడే అంటుకుపోయే రేడియోధార్మిక మందు ఒకటుంది. హనకావా తకాషి, ఆయన సహచరులు పదిమంది పార్కిన్సన్ రోగుల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. నడుస్తుండగానే ఆ మందు ఎక్కించారు. తర్వాత తీరిగ్గా స్కానర్ కింద పడుకోబెట్టారు. నడక అప్పటికే అయిపోయింది. కానీ నడిచినప్పుడు మెదడు ఎలా పనిచేసిందో ఆ ఆనవాలు చెదరకుండా ఉంది.

ట్రెడ్‌మిల్ పట్టీ మీద వాళ్లు గీతలు కూడా గీశారు. ఒకసారి నడిచే దిక్కుకు సమాంతరంగా, మరోసారి నిచ్చెన మెట్లలా అడ్డంగా. అడ్డగీతలు కనిపించగానే రోగుల నడక మెరుగుపడింది. నేలమీద అడ్డగీతలుంటే పార్కిన్సన్ రోగి వాటిని దాటుకుంటూ చక్కగా నడుస్తాడని డాక్టర్లకు ముందే తెలుసు. ఎందుకలా అన్నది 1999లో క్యోటో బొమ్మల్లో కనిపించింది. అడ్డగీతల మీద నడిచినప్పుడు మెదడు కుడివైపు పైపొరలో, కంటితో చూసి కదలికను దిద్దుకునే భాగం ఒకటి ఎక్కువగా పనిచేసింది. వాగు పొంగి రోడ్డు తెగితే పొలం గట్ల మీదుగా ఊరు చేరతాం. అలాగే, తలచుకోగానే దానంతటదే సాగిపోయే నడకదారి తెగిపోయినా, కంటిచూపు నడిపించే దారి ఇంకా బతికే ఉంది. నైమేఖన్ నడవాలో పాదం అడ్డంపెట్టగానే ఆ మనిషి కాలు లేవడానికి కారణం ఇదే.

నైమేఖన్ బృందం మరో దారి పట్టింది. నిజంగా నడవక్కర్లేదు, నడుస్తున్నట్టు ఊహించుకుంటే చాలన్నారు. నడకను మనసులో గట్టిగా ఊహించుకున్నప్పుడు, నిజంగా నడిచేటప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో చాలావరకు పనిచేస్తాయి. మైకే బకర్, ఇవాన్ టోనీ, బ్లూమ్ కలిసి 2007 నాటికి ఈ పరీక్షను తీర్చిదిద్దారు. యంత్రంలో పడుకున్న మనిషికి ఒక నడవా ఫొటో చూపిస్తారు. అందులో నేలమీద ఒక దారి. కొన్నింటిలో వెడల్పు దారి, కొన్నింటిలో ఇరుకు దారి. గమ్యం కొన్నిసార్లు రెండు మీటర్ల దూరంలో, కొన్నిసార్లు పది మీటర్ల దూరంలో. కళ్లు మూసుకుని ఆ దారి వెంట నడుస్తున్నట్టు ఊహించుకోవాలి. బయల్దేరినప్పుడు మీట నొక్కాలి, చేరాక మళ్లీ నొక్కాలి. మనిషి నిజంగానే ఊహిస్తున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? దూరం పెరిగినకొద్దీ ఊహలో నడిచే సమయమూ పెరిగింది. దారి ఇరుకైనప్పుడు ఊహలోనూ నెమ్మదిగా నడిచారు. నిజం నడకలో జరిగేది సరిగ్గా అదే.

సైకిల్ మనిషి వీడియో లోకం చూసిన రోజుల్లోనే ఆంకే స్నైడర్స్ ఈ పరీక్షను పార్కిన్సన్ రోగులతో చేయించారు. మొత్తం 24 మంది రోగులు. వాళ్లలో 12 మందికి నడుస్తూ నడుస్తూ కాళ్లు పట్టేసే బాధ ఉంది. డాక్టర్ల మాటలో ఫ్రీజింగ్. మిగతా 12 మందికి జబ్బు అంతే ఉన్నా ఆ బాధ లేదు. పోల్చి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న 21 మంది. అందరూ కదలకుండా పడుకుని, కళ్లు మూసుకుని, ఊహలోనే ఆ దారుల వెంట నడిచారు.

ఫ్రీజింగ్ ఉన్నవాళ్ల బొమ్మల్లో మెదడు పైపొరలో, నడక మొదలుపెట్టమని ఆజ్ఞలిచ్చే కొన్ని భాగాలు మందగించినట్టు కనిపించింది. లోపల, మెదడు కాండంలో మాత్రం ఒక చిన్న చోటు మిగతా రోగుల్లో కన్నా ఎక్కువగా వెలిగింది. ఫ్రీజింగ్ ఎంత తీవ్రంగా ఉంటే అది అంత ఎక్కువగా వెలిగింది.

మాస్కో పిల్లి చెప్పిన చోటు

ఆ చిన్న చోటు శాస్త్రానికి కొత్త కాదు. 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. పెద్ద మెదడుతో సంబంధం తెంచేసిన ఒక పిల్లిని ట్రెడ్‌మిల్ మీద నిలిపి, మధ్య మెదడులో ఆ చోట సన్నటి కరెంటు పెట్టారు. పిల్లి నడిచింది. కరెంటు పెంచితే దుడుకు నడక. ఇంకా పెంచితే దౌడు. ఆజ్ఞాపించే పెద్ద మెదడు లేకపోయినా, ఆ చిన్న కేంద్రం ఒక్కటే నాలుగు కాళ్లనూ లయగా నడిపించింది. నడక కేంద్రమని దానికి పేరు పడింది.

నైమేఖన్ బొమ్మలు ఇప్పుడు ఆ కేంద్రం గురించి రెండు సంగతులు చెప్పాయి. ఒకటి, ఫ్రీజింగ్ ఉన్న రోగుల్లో అది మితిమీరి పనిచేస్తోంది. రెండు, అక్కడే ఒక చిన్న భాగం చిక్కిపోయింది. రెండూ కలిపి చూస్తే పరిశోధకులకు అర్థమైంది ఇది: పైనుంచి వచ్చే ఆజ్ఞలు బలహీనపడ్డాక ఆ లోటు పూడ్చడానికి కింద ఉన్న కేంద్రం శక్తికి మించి శ్రమిస్తోంది. తిన్నగా నడిచేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. నడక మొదలుపెట్టాల్సినప్పుడు, మలుపు తిరగాల్సినప్పుడు, అడుగు కొలిచి వేయాల్సినప్పుడు దాని శక్తి చాలదు. కాళ్లు అక్కడే పట్టేస్తాయి. పార్కిన్సన్ రోగి ఉన్న ఇంట్లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. తలుపు దగ్గర ఆగిపోతారు. మంచం దగ్గర తిరగబోతూ పడిపోతారు.

2011లో 'బ్రెయిన్' పత్రికలో ఈ పరిశోధన అచ్చయింది.

పడేవాళ్లు, పడనివాళ్లు

దానికి కాస్త ముందు, అట్లాంటిక్‌కు అవతల, అమెరికాలో ఆన్ ఆర్బర్ ఊళ్లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో నికోలాస్ బోనెన్ బృందం మరో ప్రశ్న వేసుకుంది. ఒకే జబ్బున్న ఇద్దరిలో ఒకరు పడుతున్నారు, ఇంకొకరు పడడం లేదు. వాళ్ల మెదళ్లలో తేడా ఏమిటి?

ఇందుకు వాళ్లు వాడినది పెట్ స్కాన్. మెదడులోని ఒక్కో రసాయనాన్ని విడివిడిగా కొలవగల స్కాన్ అది. అందులో వాడే కార్బన్-11 మందు తయారైన ఇరవై నిమిషాలకే సగం ఆరిపోతుంది. దాన్ని అదే ఆవరణలో సైక్లోట్రాన్ యంత్రంలో పుట్టించి, ఉరుకుల మీద తెచ్చి రోగికి ఎక్కించాలి. బోనెన్ బృందం ఒక్కో రోగికి రెండు రకాల మందులతో రెండు బొమ్మలు తీసింది. ఒకటి డోపమిన్ కోసం, రెండోది అసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం కోసం.

మతిమరుపు జబ్బు లేని 44 మంది పార్కిన్సన్ రోగులు వచ్చారు. వాళ్లలో 17 మంది అంతకుముందు పడిపోయినవాళ్లు, 27 మంది పడనివాళ్లు. జబ్బు లేనివాళ్లు 15 మంది. డోపమిన్ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే, పడేవాళ్లకూ పడనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇద్దరిలోనూ డోపమిన్ తగ్గింది. అసిటైల్‌కోలిన్ బొమ్మల్లో తేడా బయటపడింది. థాలమస్ అనే చోట అసిటైల్‌కోలిన్ పని పడేవాళ్లలో మాత్రమే తగ్గింది, జబ్బు లేనివాళ్లతో పోలిస్తే 11.8 శాతం.

థాలమస్ మన విజయవాడ జంక్షన్ లాంటిది. కంటి నుంచి, చెవి లోపలి తూకపు గొట్టాల నుంచి, పాదాల స్పర్శ నుంచి వచ్చే కబుర్లన్నీ అక్కడికి చేరి, అక్కడి నుంచి పైపొరకు వెళ్తాయి. నేల ఎటు వాలి ఉంది, ఒళ్లు ఎటు ఒరుగుతోంది అన్నది మెదడు తేల్చుకునేది వీటితోనే. ఆ జంక్షన్‌కు అసిటైల్‌కోలిన్ పంపేది మెదడు కాండంలోని కణాల గుంపు. అది ఉన్నది సరిగ్గా మాస్కో శాస్త్రవేత్తలు చూపిన నడక కేంద్రం ఆవరణలోనే. ఒకరు నడకను వెతుక్కుంటూ, ఇంకొకరు పడిపోవడాన్ని వెతుక్కుంటూ వేరువేరు యంత్రాలతో బయల్దేరి ఒకే గుమ్మం ముందు కలుసుకున్నారు.

2013లో మిషిగన్ బృందమే 124 మంది రోగుల్ని, కదిలే నేలా కదిలే గోడలూ ఉన్న ఒక బూత్‌లో నిలబెట్టి చూసింది. కాళ్ల కింద నేల వంగుతుంది, కళ్లముందు గోడ ఊగుతుంది. థాలమస్‌కు అసిటైల్‌కోలిన్ సరఫరా తగ్గినవాళ్లకు అలాంటి చోట నిలదొక్కుకోవడం కష్టమైంది. ఎల్-డోపా నింపేది డోపమిన్‌ను. తక్కువైనది అసిటైల్‌కోలిన్. ఆ మందు నిలకడను పూర్తిగా తిరిగి తేలేకపోవడానికి ఒక కారణం ఇక్కడ దొరికింది.

బొమ్మ నుంచి మనిషికి

ఈ బొమ్మల వల్ల రోగికి ఒరిగిందేమిటి? బ్రిటన్‌లో ఎమిలీ హెండర్సన్ బృందం ఏడాదిలో ఒక్కసారైనా పడిపోయిన 130 మంది పార్కిన్సన్ రోగుల్ని ఎంచుకుంది. అసిటైల్‌కోలిన్‌ను మెదడులో ఎక్కువసేపు నిలిపి ఉంచే రివాస్టిగ్మిన్ అనే మందును సగం మందికి 32 వారాలు ఇచ్చింది. మిగతా సగం మందికి ఉత్తి బిళ్లలు. 2016లో ఫలితాలు వచ్చాయి. మందు వాడినవాళ్ల నడక నిలకడగా మారింది. వాళ్లు పడిపోవడం 45 శాతం తగ్గింది. వికారం, వాంతులు లాంటి ఇబ్బందులూ వచ్చాయి. అందుకే ఇది షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు, న్యూరాలజిస్టు మనిషిని చూసి తేల్చాల్సిన మందు. ఏమైనా, ఎల్-డోపాకు లొంగని నిలకడకు మరో తలుపు ఉందని ఇది చూపింది.

సైకిల్ కూడా ఒక తలుపు తెరిచింది. 2011లో నైమేఖన్ డాక్టర్లు ఇంకో సంగతి బయటపెట్టారు. మామూలు పార్కిన్సన్‌లో సైకిల్ తొక్కడం చాలామందికి మిగిలి ఉంటుంది. పార్కిన్సన్‌లా కనిపించే వేరే జబ్బులు కొన్ని ఉన్నాయి. వాటిలో పక్కలకు ఆపుకునే నిలకడ ముందే పోవడంతో, దాదాపు సగం మంది సైకిల్ వదిలేస్తారు. ఇప్పటికీ సైకిల్ తొక్కగలుగుతున్నారా అన్న ఒక్క ప్రశ్న, ఏ జబ్బో తేల్చడానికి డాక్టరుకు పైసా ఖర్చు లేకుండా సాయపడుతుంది.

సైకిల్ మీద ఆయన ఎందుకు ఆగిపోలేదు? బ్లూమ్, స్నైడర్స్ ఆలోచన ప్రకారం, ఒక పెడల్ కిందికి దిగితే రెండో పెడల్ దానంతటదే పైకి లేచి రెండో కాలిని మోసుకొస్తుంది. ఎప్పుడు కదలాలో కాలికి పెడలే చెబుతుంది. నడకలోలా ఒంటి బరువునంతా ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చే పని లేదు. మలుపు తిప్పేది చేతులు, నడుము కాదు. నడక కేంద్రం ఎక్కడ తడబడుతుందో, ఆ పనులన్నీ సైకిల్ తన మీద వేసుకుంది.

తర్వాత నైమేఖన్‌లోనే 130 మంది రోగుల ఇళ్లకు కదలని సైకిళ్లు పంపి, సగం మందితో వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 30 నుంచి 45 నిమిషాలు ఆరు నెలలపాటు తొక్కించారు. మిగతావాళ్లు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేశారు. 2019లో చూస్తే, మందు ప్రభావం లేని వేళ పరీక్షించినప్పుడు సాగదీత వ్యాయామాలు చేసినవాళ్ల కదలికలు బాగా క్షీణించాయి. సైకిల్ తొక్కినవాళ్లలో ఆ క్షీణత చాలా తక్కువ. వీళ్లలో 56 మంది ఎంఆర్ఐ బొమ్మల్ని 2022లో పోల్చి చూస్తే, సైకిల్ తొక్కినవాళ్ల మెదడులో కదలికల భాగాల మధ్య సంబంధం బలపడింది, మెదడు చిక్కిపోవడం తగ్గింది. ఇది పడిపోవడాన్ని పూర్తిగా ఆపే మంత్రం కాదు. కానీ కాళ్లు చేసే శ్రమ మెదడు వరకు చేరుతుందని బొమ్మల్లో కనిపించింది.

59 ఉపాయాలు

2019లో బ్లూమ్, యోరిక్ నొన్నెకెస్, వాళ్ల సహచరులు ఇంకో పని చేశారు. నడవడానికి రోగులు తమంతట తాము కనిపెట్టుకున్న ఉపాయాలను వందల వీడియోల నుంచి ఏరారు. తేలినవి 59. వాటిని ఏడు రకాలుగా విడదీశారు. కొందరు నేలమీద గీతలు చూసి నడుస్తారు. కొందరు మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటారు. కొందరు పాటకు అడుగు కలుపుతారు. కొందరు మలుపు దగ్గర సన్నగా తిరక్కుండా చుట్టుతిరుగుడుగా వెళ్తారు. కొందరు పక్కకు నడుస్తారు, వెనక్కి నడుస్తారు, మోకాళ్లెత్తి కవాతు చేస్తారు. ఎవరూ నేర్పలేదు. తెగిన రోడ్డు పక్కన ఎవరి గట్టుదారి వాళ్లు వెతుక్కున్నారు. శాస్త్రం చేసిన పని వాటిని ఒకచోట చేర్చి, ఎందుకు పనిచేస్తున్నాయో చెప్పడం.

మన ఇళ్లలోనూ ఈ జబ్బుతో ఉన్న నాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు. పడినప్పుడల్లా వాళ్లకు వినిపించే మాట ఒకటే: "చూసుకుని నడవొచ్చు కదా!" ప్రేమతోనే అంటాం, భయంతోనే అంటాం. కానీ ఆ మాటలో ఒక నింద ఉంది. పడిన మనిషి అప్పటికే సిగ్గుపడి ఉంటారు. ఇంకోసారి పడితే చెప్పకుండా దాచుకుంటారు. వాళ్లు చూసుకుంటూనే నడిచారు. తప్పు కళ్లది కాదు, కాళ్లది కాదు, శ్రద్ధదీ కాదు. మెదడులో ఎక్కడ తప్పుతోందో మూడు ఖండాల పరిశోధకులు బొమ్మలు తీసి చూపించారు.

కాబట్టి ఒక విన్నపం. ఇంట్లో పార్కిన్సన్ ఉన్నవాళ్లు ఒక్కసారి పడినా, పడబోయి ఆపుకున్నా, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కాళ్లు పట్టేసినప్పుడు చెయ్యి పట్టి లాగొద్దు, తొందర పెట్టొద్దు. ఒక్క క్షణం ఆగనిచ్చి, మీ పాదాన్ని వాళ్ల పాదం ముందు అడ్డంగా పెట్టి దాటమనండి. తలుపు దగ్గర, బాత్‌రూమ్ దారిలో నేలమీద రంగు టేపుతో అడ్డగీతలు వేసి చూడండి. సైకిల్ మాట విని వాళ్లను మన రోడ్ల మీదికి పంపకండి. డాక్టరునూ ఫిజియోథెరపిస్టునూ అడిగి, కదలని సైకిల్ మీద కూర్చోబెట్టండి.

వాళ్లు ఏం చేయలేకపోతున్నారో అందరికీ కనిపిస్తుంది. ఏం చేయగలుగుతున్నారో వాళ్లు చెబితేనే తెలుస్తుంది. నైమేఖన్‌లో ఒక రోగి అలా చెప్పారు, ఒక డాక్టరు నమ్మకపోయినా లేచి వెళ్లి చూశారు. ఈరోజు మీ ఇంట్లో ఆ పెద్దమనిషి పక్కన కాసేపు కూర్చుని అడగండి. చెప్పేది నమ్మశక్యంగా లేకపోయినా, చివరిదాకా వినండి.